పారేయడం మనకు ఎవరు నేర్పారు?

ఆఫీసుల్లో పనిచేసిన మన తరానికి 'ఎకానమీ స్లిప్' అంటే ఏమిటో వివరించి చెప్పనక్కరలేదు. వచ్చిన కవరును చించి పారేయకుండా, పాత చిరునామా మీద ఆ చిన్న కాగితం ముక్క అంటించి, కొత్త చిరునామా రాసి మళ్లీ పంపేవాళ్లం. ఒకవైపు రాసిన కాగితం రెండోవైపు చిత్తు నోటుకు పనికొచ్చేది. గుండుసూది కింద పడితే వంగి తీసుకునేవాళ్లం. దీన్ని ఎవరూ పర్యావరణ పరిరక్షణ అనలేదు. ఆ మాటే అప్పటికి మన వాడుకలో లేదు. ఆఫీసులో దాన్ని పొదుపు అన్నారు, ఇంట్లో జాగ్రత్త అన్నారు.

ఇవాళ మన ఇళ్లలో పెన్ను రాయడం మానేస్తే బుట్టలో పడుతుంది. టీ తాగిన కప్పు, నీళ్లు తాగిన సీసా, కూరగాయలు తెచ్చిన సంచి, అన్నీ దాని వెనకే పోతాయి. పిల్లల్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వాడి పారేయడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అది నేర్చుకున్న అలవాటు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పనిగట్టుకుని నేర్పిన అలవాటు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు నేర్పారు? దాని వల్ల వచ్చిన అనర్థాన్ని లోకం ఎప్పుడు గుర్తించింది? ఈ రెండు ప్రశ్నలకూ చరిత్రలో స్పష్టమైన జవాబులు ఉన్నాయి.

తిరిగి వెళ్లే దారి

పూర్వం మనవాళ్లు ఏదీ పారేసేవారు కారా అంటే, పారేసేవారు. పెళ్లి భోజనాలు అయ్యాక వందల విస్తళ్లు పెరట్లోకి చేరేవి. తెలంగాణలో మోదుగాకు, ఉత్తరాంధ్ర ఏజెన్సీ పల్లెల్లో అడ్డాకు, గోదావరి జిల్లాల్లో అరటాకు. తిన్న ఆకును పశువు తినేది. పశువు వదిలింది పెంటకుప్పలో కుళ్లి పొలానికి ఎరువయ్యేది. మట్టి ముంత పగిలితే పెంకై, చివరికి మళ్లీ మట్టయ్యేది. పారేసిన వస్తువుకు తిరిగి వెళ్లే దారి ఒకటి ఉండేది.

మట్టిలో కలవని వస్తువులకు ఆ దారిని మనుషులే వేశారు. గోలీసోడా సీసానే చూడండి. ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. సీసా ఖరీదు లోపలి సోడా కంటే ఎక్కువ. అందుకే కొట్టు దగ్గరే తాగి, అక్కడే ఇచ్చేసి రావాలి. ఒక సీసా ఎన్ని వందల గొంతులు తడిపేదో లెక్కలేదు. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు. కళాయి పూసేవాడు, గొడుగు బాగుచేసేవాడు, కత్తికి సాన పట్టేవాడు, పరుపులో దూది ఏకేవాడు, ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క వస్తువుకు ఆయుష్షు పోసేవారు. చీర చిరిగితే బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. పాత పేపర్లు తూకానికి అమ్మితే, పచారీ కొట్లో పొట్లాలుగా మారి మళ్లీ మన ఇంటికే వచ్చేవి.

అలాగని అదంతా స్వర్ణయుగమని చెప్పడం న్యాయం కాదు. ఆనాటి జాగ్రత్తలో సగం లేమి వల్ల వచ్చింది. కొత్తది కొనే స్తోమత లేక పాతదాన్ని కాపాడుకున్నాం. ఊరి చెత్తను, మలినాన్ని ఎత్తే పని కొన్ని కులాల వారి నెత్తిన పెట్టి, తక్కినవాళ్లం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాం. ఈ మాట మరచి పాతకాలాన్ని పొగడరాదు. అయితే ఆ కాలం నుంచి గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. వస్తువును పారేయడం తప్పు కాదు. తిరిగి వెళ్లే దారి లేని వస్తువును పారేయడమే తప్పు.

అమెరికా పాఠశాల

ఈ దారిని మూసే విద్య మొదట అమెరికాలో పుట్టింది. సీసాల మీద బిగించే రేకు మూతను 1892లో కనిపెట్టిన విలియం పెయింటర్ దగ్గర కింగ్ జిలెట్ అనే అమ్మకపు ఉద్యోగి ఉండేవాడు. జనం ఒకసారి వాడి పారేసి మళ్లీ కొనవలసిన వస్తువు ఏదైనా కనిపెట్టమని పెయింటర్ అతనికి సలహా ఇచ్చాడు. జిలెట్ ఆలోచించి, సాన పట్టనక్కరలేని పల్చటి బ్లేడు తయారు చేయించాడు. 1903లో అమ్మకం మొదలైన మొదటి ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా ప్రభుత్వమే తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన సైనికుడు ఆ అలవాటును వెంట తెచ్చుకున్నాడు. మంగలి కత్తికి సాన పట్టే పని ఒక తరంలో తగ్గిపోయింది.

ఇది సౌకర్యం పేరుతో జరిగింది. రెండోది రహస్యంగా జరిగింది. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బుల కంపెనీలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. దాని పేరు ఫీబస్. జర్మనీ ఓస్రామ్, హాలండు ఫిలిప్స్ వంటివి అందులో ఉన్నాయి. అప్పటికి బల్బులు 1,500 నుంచి 2,000 గంటల దాకా వెలిగేవి. ఆ ఆయుష్షును 1,000 గంటలకు కుదించాలని వాళ్లు తీర్మానించుకున్నారు. ఎక్కువకాలం వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! పనితనం పెరిగినందుకు శిక్ష వేయడం చరిత్రలో అరుదైన సంగతి. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయింది కానీ, వస్తువు త్వరగా పాడైతేనే వ్యాపారం సాగుతుందన్న సూత్రం మాత్రం చెదరలేదు.

మూడోది ప్లాస్టిక్. విచిత్రమేమిటంటే, ప్లాస్టిక్ పుట్టుకలో ప్రకృతికి మేలు చేసే గుణమే ఉంది. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం కొరత రావడంతో, దాని బదులు వేరే పదార్థం కనిపెట్టినవారికి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. ఆ ప్రయత్నంలోనే 1869లో జాన్ హయత్ సెల్యులాయిడ్ తయారుచేశాడు. 1907లో బేకలైట్ వచ్చింది. మన ఇళ్లలోని నల్లటి స్విచ్చులు, పాత టెలిఫోన్లు దాని సంతానమే. అవి దశాబ్దాలు మన్నేవి. 1933లో ఇంగ్లండులో అనుకోకుండా పాలిథీన్ దొరికింది. యుద్ధంలో రాడార్ తీగలకు తొడుగుగా అది బాగా పనికొచ్చింది. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలు ఉన్నాయి, సరుకు ఉంది, కొనేవాడు కావాలి. మన్నే వస్తువు చేస్తే మనిషి ఒకసారి కొని ఊరుకుంటాడు. అదే వాళ్లకు వచ్చిన చిక్కు.

ఆ చిక్కు ఎలా విడిపోయిందో రెండు సంఘటనలు చెబుతాయి. 1955 ఆగస్టు 1 నాటి 'లైఫ్' పత్రికలో ఒక ఫొటో వేశారు. భార్య, భర్త, పిల్ల చేతులు పైకెత్తి నిలబడి ఉంటారు. వాళ్ల చుట్టూ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు గాలిలో ఎగురుతుంటాయి. వీటన్నిటినీ కడగాలంటే 40 గంటలు పడుతుందనీ, ఇక ఏ గృహిణికీ ఆ శ్రమ అక్కరలేదనీ దాని సారాంశం. పారేసే జీవితాన్ని పండుగలాగా చూపించిన ఫొటో అది. మరుసటి ఏడాది, 1956లో, ప్యాకింగు పరిశ్రమ పత్రిక సంపాదకుడు లాయిడ్ స్టౌఫర్ ప్లాస్టిక్ తయారీదారుల సభలో లేచి, ప్లాస్టిక్ భవిష్యత్తు అంతా చెత్తబుట్టలోనే ఉందని చెప్పాడు. అది హెచ్చరిక కాదు, వ్యాపార సలహా. ఆ సలహా ఎంత బాగా ఫలించిందో అంకెలు చెబుతాయి. ప్రపంచంలో 1950లో తయారైన ప్లాస్టిక్ సుమారు 20 లక్షల టన్నులు. 2015 నాటికి ఏడాదికి 38 కోట్ల టన్నులు. 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం 2015 దాకా మొత్తం తయారైంది 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారాయి. ఆ చెత్తలో మళ్లీ వాడకంలోకి వచ్చింది 9 శాతం. కాల్చింది 12 శాతం. మిగిలిన 79 శాతం భూమి మీద, నీటిలో అలాగే ఉండిపోయింది.

నేరం ఎవరి మీద?

పారేయడం నేర్పినప్పుడు అడ్డుకున్నవారు లేరా? ఉన్నారు. అమెరికాలో వెర్మాంట్ అనేది పాడిరైతుల రాష్ట్రం. బీరు కంపెనీలు తిరిగి తీసుకోని సీసాలు అమ్మడం మొదలుపెట్టాక, కార్లలో పోయేవాళ్లు వాటిని పొలాల్లోకి విసిరేసేవారు. గాజు పెంకులు గడ్డిలో కలిసి ఆవుల కడుపులోకి పోయేవి. రైతులు గోలపెట్టగా 1953లో ఆ రాష్ట్ర శాసనసభ, తిరిగి నింపడానికి వీల్లేని సీసాల్లో బీరు అమ్మరాదని చట్టం చేసింది.

సరిగ్గా అదే ఏడాది డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలు ముందుండి, పానీయాల కంపెనీలు తోడై 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థను స్థాపించాయి. పేరు వింటే ఎంతో ముచ్చటగా ఉంటుంది. దాని ప్రచార సారాంశం ఏమిటంటే, చెత్తకు కారణం చెత్త వేసే మనిషి, సీసా చేసిన కంపెనీ కాదు అని. వెర్మాంట్ చట్టం 1957లో గడువు తీరి పోయింది, దాన్ని పొడిగించలేదు. రోడ్డు మీద సీసా విసిరినవాడిది తప్పు కాదని ఎవరూ అనరు. కానీ తిరిగి తీసుకునే పద్ధతిని ఎత్తేసినవాడు, నెపమంతా విసిరినవాడి మీదకు నెట్టి తప్పుకోవడం ఇంకా పెద్ద తప్పు. 1971లో ఆరెగన్ రాష్ట్రం వేరే దారి తొక్కింది. సీసాకు, డబ్బాకు 5 సెంట్లు ముందే జమ కట్టించుకుని, తిరిగి తెచ్చినవారికి ఆ డబ్బు వాపసు ఇవ్వాలని చట్టం చేసింది. మన గోలీసోడా కొట్టువాడికి ఏ చట్టమూ లేకుండానే తెలిసిన ఉపాయం అది!

మన గుమ్మంలోకి

మనకు ఈ అలవాటు పెన్ను, సాషే, సంచి అనే మూడు చిన్న వస్తువుల ద్వారా వచ్చిందని చెప్పవచ్చు.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ పెన్ను తయారుచేసి, 1930లలోనే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆ పెన్ను బాగుందని 1935లో గాంధీజీ ఆయనకు స్వయంగా ఉత్తరం రాశారు. అటువంటి పెన్ను ఒకటి కొంటే ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా జేబులో ఉండేది. పాళీ అరిగితే పాళీ మార్చేవాళ్లం, సిరా అయిపోతే పోసుకునేవాళ్లం. ఫ్రాన్సులో 1950లో వచ్చిన బిక్ బాల్‌పెన్ను ఈ పద్ధతిని తలకిందులు చేసింది. మన దగ్గర కొంతకాలం రీఫిల్ మార్చుకునే పెన్నులు నడిచాయి. తరువాత రీఫిల్ కూడా మార్చనక్కరలేని పెన్నులు వచ్చాయి. 'యూజ్ అండ్ త్రో' అనే ఇంగ్లీషు మాట తెలుగు మాటలాగా మన నోట్లో ఆడడం అప్పటి నుంచే.

రెండోది సాషే. తమిళనాడులోని కడలూరు నుంచి 1980 ప్రాంతంలో షాంపూ సాషేలు బయలుదేరాయి. సీసా కొనలేని పేదవాడికి రూపాయి లోపు షాంపూ అందడం మంచి సంగతే. 1983లో చిక్ షాంపూ ప్రారంభించిన సి.కె. రంగనాథన్ అమ్మకం పెంచడానికి ఒక పథకం పెట్టారు. ఖాళీ సాషేలు కొన్ని తెచ్చి ఇస్తే ఒక నిండు సాషే ఉచితం. అంటే ఖాళీ సాషేను వెనక్కి రప్పించడం అసాధ్యం కాదని వ్యాపారమే రుజువు చేసింది. అయితే అమ్మకం స్థిరపడ్డాక ఆ దారి అవసరం లేకపోయింది. పలు పొరలు అంటించి చేసిన ఈ సాషేను కరిగించి మళ్లీ వాడడం చాలా కష్టం. అందుకే చెత్త ఏరుకునేవాడు కూడా దాన్ని ముట్టుకోడు.

మూడోది సంచి. ఇవాళ మనం చూసే చేతిపిడి ఉన్న ప్లాస్టిక్ సంచికి స్వీడన్ దేశపు ఇంజనీరు స్టెన్ థులిన్ రూపకల్పన చేయగా, 1965లో దానికి పేటెంటు వచ్చింది. కాగితపు సంచుల కోసం చెట్లు నరుకుతున్నారని బాధపడి, చాలాసార్లు వాడుకోగల గట్టి సంచిగా ఆయన దాన్ని తలపెట్టాడట. తన తండ్రి ఎప్పుడూ ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడని ఆయన కుమారుడు చెప్పాడు. లోకం ఆ సంచిని తీసుకుంది, మడిచి జేబులో పెట్టుకునే అలవాటును తీసుకోలేదు. బజారుకు వెళ్లేటప్పుడు గుడ్డ సంచి పట్టుకెళ్లడం మన ఇళ్లలో క్రమంగా నామోషీ అయిపోయింది.

ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. పారేసే వస్తువులన్నీ చెడ్డవి కావు. ఆసుపత్రిలో ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే కామెర్లు, ఎయిడ్స్ వంటివి అంటుకోవచ్చు. అక్కడ పారేయడమే ధర్మం. మనం రోజూ మింగే బి.పి. మాత్ర గాలి తగలకుండా ఉండేది ఆ రేకు అట్ట వల్లనే. ప్రాణం కాపాడే పారవేత వేరు, పది నిమిషాల టీ కోసం జరిగే పారవేత వేరు. ఆ తేడా తెలుసుకోవడమే వివేకం.

మెల్లగా వచ్చిన మెలకువ

పర్యావరణం గురించి లోకానికి మెలకువ ఒక్కరోజులో రాలేదు. 1962లో అమెరికా శాస్త్రవేత్త రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకం రాసి, డి.డి.టి. వంటి పురుగుమందుల వల్ల పక్షులు నశిస్తున్నాయని చెప్పారు. 1970 ఏప్రిల్ 22న అమెరికాలో మొదటి ధరిత్రీ దినోత్సవం జరిగింది. 1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ జరిగితే, ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధానిని మినహాయిస్తే హాజరైన ప్రభుత్వాధినేత మన ఇందిరాగాంధీ ఒక్కరే. ఏటా జూన్ 5న మనం జరుపుకునే పర్యావరణ దినం ఆ సభకు గుర్తు. 1974లో నీటి కాలుష్య చట్టం, 1981లో వాయు కాలుష్య చట్టం వచ్చాయి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా పర్యావరణాన్ని కాపాడడం ప్రభుత్వ విధి అనీ, ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అనీ రాజ్యాంగంలో చేరింది.

కాగితం మీద ఇంత ఉన్నా, కళ్లు తెరిపించినవి విపత్తులే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొన్న తరువాతే 1986లో సమగ్రమైన పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ప్లాస్టిక్ మీద తరువాత వచ్చిన నియమాలన్నీ ఆ చట్టం కింద చేసినవే. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు, సినిమా హాళ్లలో పర్యావరణం మీద స్లయిడ్లు చూపాలనీ, రేడియో, టీవీలలో కార్యక్రమాలు ప్రసారం చేయాలనీ, బడుల్లో దాన్ని పాఠ్యాంశంగా చేర్చాలనీ ఆదేశించింది. ఇవాళ మన మనవలు పర్యావరణం గురించి పాఠం అప్పజెబుతున్నారంటే అందులో ఆ తీర్పుకు భాగం ఉంది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్తతో లక్షలమంది ఊరు వదిలి పారిపోయారు. చెత్త, మురుగు పేరుకుపోతే ఏమవుతుందో దేశమంతా చూసింది. 1995లో అక్కడికి కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తివేతను క్రమబద్ధం చేయగా, రెండేళ్లలోపే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో పట్టణ చెత్త నియమాలు వచ్చాయి. 2005 జూలై 26న ముంబయిలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి, కాలువల్లో ప్లాస్టిక్ అడ్డుపడి నగరం మునిగింది.

చట్టం కన్నా ముందు నడిచినవారూ ఉన్నారు. సిక్కిం రాష్ట్రం 1998లోనే ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. వరదలకు కాలువలు పూడిపోయిన అనుభవంతో బంగ్లాదేశ్ 2002లో పల్చటి సంచులను దేశమంతటా నిషేధించింది. అదే ఏడాది ఐర్లండు నిషేధం పెట్టకుండా ఒక్కొక్క సంచికి 15 సెంట్లు పన్ను వేసింది. మనిషికి ఏడాదికి 328 సంచుల వాడకం 21కి పడిపోయింది. ఉచితంగా ఇస్తే పారేసే మనిషి, డబ్బు పెట్టి కొంటే దాచుకుంటాడన్నమాట. మన సూర్యాపేట మున్సిపాలిటీ ఆ కాలంలోనే ఇంటింటి నుంచి తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించి, తడిదాన్ని ఎరువుగా మార్చి, పొడిదాన్ని అమ్మి దేశానికే ఒక దారి చూపింది.

పుట్టపర్తి ఆవులు

వెర్మాంట్ ఆవుల కథ మన దగ్గర 60 ఏళ్ల తరువాత పునరావృతమైంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థవారు వీధుల్లో తిరిగే ఆవులకు శస్త్రచికిత్స చేస్తే, ఒక్కొక్క కడుపులోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. మనం మిగిలిన అన్నాన్ని, కూరగాయల తొక్కలను సంచిలో కట్టి వీధిలో పడేస్తాం. ఆవుకు చేతులు లేవు, ముడి విప్పలేదు. సంచితో సహా మింగుతుంది. నెమరు వేసే జంతువు కడుపులో ఆ సంచి జీర్ణం కాదు, బయటకు రాదు. కడుపు నిండినట్టే ఉంటుంది, ఆవు మాత్రం ఆకలితో చిక్కిపోతుంది. విస్తరాకు తిని పాలిచ్చిన ఆవే ఈ సంచి తిని చచ్చిపోతోంది. ఆవుకు పూజ చేసే చేత్తోనే మనం ఆ ముడి వేస్తున్నాం.

ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. విచారణలో న్యాయస్థానం ప్లాస్టిక్ సంచుల ముప్పు గురించి తీవ్రంగా హెచ్చరించింది. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 2016లో కొత్త ప్లాస్టిక్ నియమాలు వచ్చాయి. సరుకును ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మిన కంపెనీయే ఆ చుట్టును వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని అవి గట్టిగా చెప్పాయి. తిరిగి వెళ్లే దారి వేయవలసింది ఎవరో చట్టం గుర్తించిందన్నమాట. సంచి మందం కూడా మెట్టుమెట్టుగా పెంచారు. 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. మందం పెంచడంలో మర్మం ఉంది. పల్చటి సంచి ఎన్ని ఏరినా తూకానికి రాదు. అందుకే ఏరేవాడు ఏరడు. మందపు సంచికి ధర ఉంటుంది కనుక కొట్టువాడు ఊరికే ఇవ్వడు, ఏరేవాడు వదలడు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ వంటివి దేశమంతటా నిషేధించారు. షాంపూ సాషే ఆ జాబితాలో లేదు.

నియమాలు ఉన్నా బజారులో పల్చటి సంచి దొరుకుతూనే ఉంది. ప్రపంచ స్థాయిలోనూ అంతే. 2022 మార్చిలో నైరోబీలో ప్లాస్టిక్ మీద అంతర్జాతీయ ఒప్పందం చేసుకోవాలని దేశాలన్నీ తీర్మానించాయి. 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందం కుదరకుండానే ముగిశాయి. తిలా పాపం తలా పిడికెడు. చేసే కంపెనీ, అమ్మే కొట్టు, చూసీచూడని అధికారి, అడిగి తీసుకునే మనం, అందరికీ ఇందులో వాటా ఉంది. కానీ వాటాలు సమానం కావు. కంపెనీ వాటా పెద్దది. మన వాటా చిన్నదని దాన్ని వదిలేసుకోవడానికీ లేదు.

మన వంతు

పెన్షనర్లకు ఈ విషయంలో ప్రత్యేకమైన స్థానం ఉంది. సంచి పట్టుకుని బజారుకు వెళ్లిన కాలాన్ని, సంచి లేకుండా వెళ్లే కాలాన్ని రెంటినీ చూసిన తరం మనది. పారేయకుండా జీవితం గడవదని నమ్మే మనవలకు, గడిచిందని చెప్పగల సాక్షులం మనమే. అయితే 'మా రోజుల్లో' అని మొదలుపెడితే పిల్లలు వినరు. చేసి చూపితే చూస్తారు.

మన చేతిలో ఉన్న పనులు చిన్నవే. జేబులో ఒక గుడ్డ సంచి మడిచి పెట్టుకుందాం, థులిన్ పెట్టుకున్నట్టే. తడి చెత్తను ఏ సంచిలోనూ కట్టకుండా విడిగా మున్సిపాలిటీ బండిలో వేద్దాం. ఇంట్లో మిక్సీ, ఫ్యాను పాడైతే ముందు రిపేరు చేసేవాడి గడప తొక్కుదాం. రిపేరు వృత్తి బతికితేనే వస్తువు బతుకుతుంది. చెత్త ఏరుకునేవారిని దొంగల్లా చూడడం మానుదాం. దారి మూసుకుపోయిన వస్తువులకు ఈనాడు దారి వేస్తున్నది వాళ్లే. మన సంఘం వార్షిక సమావేశంలో ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానరు, ప్లాస్టిక్ సీసాల బదులు స్టీలు గ్లాసులు, భోజనానికి ఆకు విస్తళ్లు పెట్టమని కార్యవర్గాన్ని కోరుదాం. వినతిపత్రాలు రాయడంలో మనకు మించినవారు లేరు. పల్చటి సంచి అమ్మే బజారు గురించి మున్సిపల్ కమిషనరుకు ఒకటి, ఖాళీ ప్యాకెట్లు వెనక్కి తీసుకోని కంపెనీ గురించి కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి రాద్దాం. జవాబు రాకపోతే రిమైండరు పంపే ఓపిక కూడా మనకు ఉన్నదే.

ఏ వస్తువు కొన్నా, పని అయిపోయాక ఇది ఎక్కడికి పోతుందని ఒక్కసారి అడగడం నేర్చుకుంటే చాలు. జవాబు దొరికితే కొనుక్కుందాం. దొరక్కపోతే ఆ ప్రశ్నను అమ్మేవాడి ముందు పెడదాం. పారేయడం నేర్పడానికి వ్యాపారులకు సుమారు వందేళ్లు పట్టింది. దాన్ని మరిపించడానికి అన్నేళ్లు తీసుకునే వ్యవధి మనకు లేదు.